స్కూలు ప్రాజెక్టులకు రెడీమేడ్ కిట్లా, విడి భాగాలా?

మాధవి: ఎనిమిదో తరగతిలో ముప్పై మంది, ముగ్గురేసి చొప్పున పది జట్లు. వారానికి 45 నిమిషాల పీరియడ్ ఒక్కటే. మట్టి ఎండగానే మొక్కకు తనంతట తానే నీళ్లు పోసే యంత్రం చేయించాలి. ప్లగ్ చేస్తే చాలనే కిట్లు కొనడం మేలా? ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు), బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా తీగలు గుచ్చే రంధ్రాల పలక), విడి భాగాలు ఇవ్వడం మేలా?

సుధాకర్: విడి భాగాలే ఇవ్వండి. కిట్‌లో తీగ ఒక్క వైపే దూరుతుంది కాబట్టి తప్పు చేసే వీలే ఉండదు. దీపం వెలుగుతుంది, ఎందుకు వెలిగిందో మాత్రం ఎవరూ చెప్పలేరు. అదే ఎల్‌ఈడీని విడిగా ఇచ్చి చూడండి. బోర్డు ఇచ్చేది 5 వోల్టులు, ఎర్ర ఎల్‌ఈడీ దగ్గర సుమారు 2 పోతాయి. మిగిలిన 3 వోల్టులను దానితో వరుసలో పెట్టిన రెసిస్టర్ (కరెంటును తగ్గించే భాగం) విలువ 220 ఓమ్‌లతో భాగిస్తే దాదాపు 13.6 మిల్లీ ఆంపియర్లు. ఊనో అనే ఆర్డుయినో బోర్డు పిన్నుకు 20 దాకా బెంగలేదు, 40 దాటితే చిప్ పాడవ్వొచ్చు. తర్వాత 1000 ఓమ్‌లు పెట్టించి వెలుతురు ఎంత తగ్గిందో చూడమనండి. ఓమ్ నియమం అక్కడ చేతికి అందుతుంది.

రాజ్యలక్ష్మి: పాఠంగా మీరన్నది నిజమే సుధాకర్ గారూ. కానీ సామాను పంచడానికి, మళ్లీ సర్దడానికి 12 నిమిషాలు తీసేయండి. మిగిలిన 33ని పది జట్లకు పంచితే జట్టుకు మూడు నిమిషాల పైచిలుకు. ఆ మూడు నిమిషాల్లో టీచర్ ఏమేం వెతకాలి? కొన్ని యూఎస్‌బీ కేబుళ్లు ఛార్జింగ్‌కే పనికొస్తాయి, డేటా తీగలుండవు, కంప్యూటర్‌లో పోర్టే కనిపించదు. కొన్ని బ్రెడ్‌బోర్డుల్లో పక్కనుండే ప్లస్, మైనస్ వరుసలు నడిమధ్యలో తెగి ఉంటాయి, సగం సర్క్యూట్‌కు గ్రౌండ్ (మైనస్ వైపు) అందదు. బటన్ పిన్నును గాల్లో వదిలేస్తే నొక్కకపోయినా ఒకసారి 1, ఒకసారి 0 చూపిస్తుంది. ఇన్‌పుట్ పుల్అప్ (నొక్కనప్పుడు పిన్ను 1 దగ్గరే నిలిచేలా చేసే అమరిక) పెడితే అది కుదురుకుంటుంది గానీ నొక్కినప్పుడు 0 వస్తుంది, దాంతో పిల్లలు మళ్లీ తికమకపడతారు. ఇవన్నీ పిల్లల నోట ఒక్కటే మాట: “పనిచేయట్లేదు మేడం.” రెండు వారాలు అలాగే గడిస్తే, ఇది తమవల్ల కాదని తేల్చేసుకునేవాళ్లు తయారవుతారు. ఆ నష్టం పూడ్చడం చాలా కష్టం.

సుధాకర్: కేబుళ్లు, బోర్డులు ముందురోజే పరీక్షించి పెట్టుకోవచ్చు కదండీ. దానికోసం పాఠాన్నే వదులుకోవాలా?

నిర్మల: ఇద్దరూ మొత్తం ప్రాజెక్టును ఒకే ముద్దగా చూస్తున్నారు. భాగాలుగా విడదీయండి.

తేమ సెన్సార్ మాడ్యూల్‌గానే (సిద్ధంగా కట్టి వచ్చే ముక్కగా) తీసుకోండి, కానీ కెపాసిటివ్ రకం (లోహం మట్టికి నేరుగా తగలకుండా కొలిచేది). రెండు లోహపు కాళ్ల రకంలో కరెంటు ఎప్పుడూ పారుతుంటే విద్యుద్విశ్లేషణ జరిగి కాళ్లు అరిగిపోతాయి, అంకెలు రోజురోజుకూ జారిపోతాయి. అదే చేతిలో ఉంటే కొలిచే క్షణంలో మాత్రమే కరెంటు ఇవ్వండి. కెపాసిటివ్ రకాల్లో మామూలుగా మట్టి తడిసేకొద్దీ అంకె తగ్గుతుంది. ముందు గాల్లో ఒకసారి, నీళ్లలో సెన్సార్ మీది గీత దాకా ముంచి ఒకసారి కొలిపించి నోట్సులో రాయించండి.

పంపును నడిపే సర్క్యూట్ మాత్రం విడి భాగాలతోనే కట్టించాలి, అసలు చదువు అక్కడుంది. పంపును బోర్డు పిన్నుకు నేరుగా తగిలించకూడదు. కావాల్సినవి: లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ (పిన్ను ఇచ్చే 5 వోల్టులతోనే పూర్తిగా తెరుచుకునే స్విచ్ లాంటి భాగం), దాని గేటు (అదుపు చేసే కాలు) నుంచి గ్రౌండుకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, పంపు రెండు కొసల మధ్య 1ఎన్4007 డయోడు (కరెంటును ఒక్క వైపే పోనిచ్చే భాగం), గీత ఉన్న వైపు ప్లస్‌కు. అలాంటి మాస్‌ఫెట్ ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ అడిగితే ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ చేతిలో పెడతారు, చూడ్డానికి తేడా ఉండదు. రెండోది 5 వోల్టులకు పూర్తిగా తెరుచుకోదు, వేడెక్కుతుంది. 6 వోల్టుల దాకా తట్టుకునే చిన్న పంపుకు నాలుగు ఏఏ సెల్లులు విడిగా ఇవ్వండి, బోర్డు, సెల్లుల గ్రౌండ్లు రెండూ కలపండి. 9 వోల్టుల చిన్న బ్యాటరీ వద్దు. దాని అంతర్నిరోధం ఎక్కువ, పంపు తిరగగానే వోల్టేజీ కుంగిపోతుంది, బోర్డుకూ అదే ఆధారమైతే రీసెట్ అవుతుంది.

రాజ్యలక్ష్మి: ఇలా విడదీస్తే ఒప్పుకుంటాను. ప్రోగ్రామ్‌లో ఒకే హద్దు పెడితే అంకె దాని దగ్గర ఊగిసలాడి పంపు టకటకా ఆన్, ఆఫ్ అవుతుంది. పోయడం మొదలుకు ఒకటి, ఆపడానికి ఒకటి, రెండు హద్దులు కావాలి. నీళ్లు ఇంకడానికి టైం పడుతుంది కనుక రెండు సెకన్లు పోసి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ కొలవాలి.

సుధాకర్: మరి తప్పు వెతకడం ఎప్పుడు నేర్పుతారు? 1967లో పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసినవారిలో ఒకరైన సేమూర్ పాపర్ట్ పిల్లల చదువుకు గుండెకాయగా పెట్టింది దాన్నే.

నిర్మల: దానికి ఒక పీరియడ్ విడిగా కేటాయించాలి. ప్రతి బల్ల మీదా కావాలని ఒక్క తప్పు చేసిన సర్క్యూట్ పెట్టండి: తిరగేసిన ఎల్‌ఈడీ, ఒక రంధ్రం పక్కకు జరిగిన తీగ, తెగిన గ్రౌండ్. తీగ ముట్టుకునే ముందు మల్టీమీటర్‌తో మూడు చోట్ల వోల్టేజీ కొలిచి రాయాలి. పావుగంటకోసారి మీటరు, కీబోర్డు, నోట్సు ముగ్గురి మధ్య చేతులు మారాలి. లేకపోతే చురుకైన ఒక్కరే అన్నీ చేసేస్తారు, మిగతా ఇద్దరూ చూస్తూ కూర్చుంటారు.

మాధవి: అయితే సెన్సార్ మాడ్యూల్‌గా, పంపు సర్క్యూట్ విడిగా. నీళ్లు ఎప్పుడు తేవాలి?

నిర్మల: అన్నిటికన్నా చివర. అప్పటిదాకా పంపు స్థానంలో ఎల్‌ఈడీ, 330 ఓమ్‌లు పెట్టి ప్రోగ్రామ్ సరిచూసుకోండి. బోర్డును గిన్నె కన్నా ఎత్తులో ఉంచండి. గొట్టం చివర నీటి మట్టానికి కిందుంటే పంపు ఆగినా సైఫన్ పట్టి నీళ్లు కారుతూనే ఉంటాయి.