సర్టిఫైడ్ కారుకి వారంటీ ఉన్నా డీలర్ రిపేర్ చేయనంటున్నాడు, ఏం చేయాలి?

కంపెనీ డీలర్ దగ్గరే సర్టిఫైడ్ సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ వారంటీ ఉందని కాగితంలో స్పష్టంగా రాసి ఉంది. బండి ఆటోమేటిక్. ఇప్పుడు రెండో గేరు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు గట్టిగా కుదుపుతోంది, ఇంజిన్ వేడెక్కాక మరీ ఎక్కువ. సర్వీస్ అడ్వైజర్ స్వయంగా నడిపి చూసి, కుదుపు నిజమేనన్నాడు. తీరా జాబ్ కార్డు (బండి సమస్య, చేసే పని రాసిచ్చే సర్వీస్ కాగితం) మీద మాత్రం 'వాడకం వల్ల అరుగుదల' అని రాసి, వారంటీ వర్తించదన్నారు.

బ్రేక్ ప్యాడ్లు, టైర్లు అరుగుదల కిందికి వస్తాయంటే అర్థముంది. గేర్‌బాక్స్ లోపల, గేర్లు మారడానికి ఆయిల్‌ని సరైన దారిలో పంపే వాల్వ్ బాడీ లాంటి భాగం కూడా అదే లెక్కా? అమ్మేటప్పుడు ఇచ్చిన చెకింగ్ షీట్‌లో గేర్‌బాక్స్ ఎదురుగా టిక్కు పెట్టి ఉంది. మరి అప్పుడు ఏం చూసినట్టు? ఆ షీటు, వారంటీ కాగితం, జాబ్ కార్డు అన్నీ భద్రంగా ఉంచాను.

బయట మెకానిక్ చేయి పెడితే ఆ సాకుతో వారంటీ రద్దు చేస్తారేమోనని భయం. ఏదీ విప్పకుండా, స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ల రిపోర్టు మాత్రం తీయించుకోవచ్చా? నేరుగా కంపెనీకి రాయాలా, లేక ఏ నిబంధన ప్రకారం కాదంటున్నారో ముందు డీలర్‌నే రాతపూర్వకంగా అడగాలా? ఇలాంటి గొడవ తేల్చుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీదికి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంది.