ఏఆర్ డిస్‌ప్లే సప్లయర్‌ని పెద్ద కంపెనీ కొనేసింది, మా ఆర్డర్ సంగతేంటి?

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల కోసం నేనూ మా బావమరిదీ కలిసి ఒక ఏఆర్ కళ్లజోడు (ఎదురుగా ఉన్న వస్తువు మీదే కంప్యూటర్ గీతలు, గుర్తులు కనపడేలా చేసేది) తయారు చేస్తున్నాం. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ స్లాబ్ మీద పగులు ఎక్కడుంది, కటింగ్ గీత ఎటు పోవాలి అన్నది అద్దంలోనే కనపడుతుంది. మేస్త్రి చేతిలో టేపు, సుద్దముక్క ఎలాగూ ఉంటాయి, వాటిని మానమని మేం అనం.

చిక్కంతా డిస్‌ప్లే దగ్గర వచ్చింది. మాకు వేవ్‌గైడ్ అద్దాలు (బొమ్మ వెలుగును తమలోంచి నడిపించి కంటికి చేర్చే పలకలు) ఇచ్చే విదేశీ కంపెనీని ఒక పెద్ద టెక్ కంపెనీ కొనేసింది. బయటివాళ్ల దగ్గర ఇక కొత్త ఆర్డర్లు తీసుకోబోమని మెయిల్ పెట్టారు. అడ్వాన్సు కట్టిన సరుకు గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఈ రంగంలో ఇది కొత్తేమీ కాదు లెండి. 2018లో ఆపిల్, ఏఆర్ లెన్సులు చేసే అకోనియా హోలోగ్రాఫిక్స్‌ను కొంది. 2021లో స్నాప్‌చాట్ నడిపే స్నాప్, తనకే అద్దాలిస్తున్న వేవ్‌ఆప్టిక్స్‌ను 50 కోట్ల డాలర్లకు పైగా పెట్టి తీసుకుంది. మరుసటి ఏడాది గూగుల్, ఏఆర్‌కి బుల్లి డిస్‌ప్లేలు చేసే రాక్సియమ్‌ను. పెద్దవాళ్లకది ముందుచూపు, మాకు టెన్షన్.

కొన్న కంపెనీ మా పాత పర్చేజ్ ఆర్డర్‌కి కట్టుబడాలా? షేర్లు కొంటే ఒకలా, ఆస్తులు మాత్రమే కొంటే ఇంకోలా ఉంటుందని మా ఆడిటర్ గారన్నారు. మా ఒప్పందంలోనేమో యాజమాన్యం మారితే ఏంటన్న మాటే లేదు.

వేవ్‌గైడ్ మానేసి బర్డ్‌బాత్ అనే ఇంకో రకం డిస్‌ప్లేకి మారిపొమ్మంటున్నారు కొందరు. అందులో కంటి ముందు కొంత వెలుగును వెనక్కి కొట్టే అద్దం అడ్డు ఉంటుంది కాబట్టి బయటి వెలుగు తగ్గుతుంది. నల్లరాయి మీద సన్నటి పగులు కంటికి ఆనదేమోనని నా భయం. షెడ్డులో వాడి చూసినవాళ్లుంటే చెప్పండి. వేవ్‌గైడ్లు కొద్దిగా కొన్నా ఇచ్చే అమ్మకందారు ఎవరైనా తెలిసినా సరే.