బ్లాక్ మెషినింగ్‌కి ట్రాన్స్‌ఫర్ లైనా, సీఎన్‌సీలా?

జనరల్ షిఫ్ట్:
మా ప్లాంట్లో నాలుగు సిలిండర్ల ఇంజన్ బ్లాక్‌కి పాత ట్రాన్స్‌ఫర్ లైన్ ఉంది, అంటే బ్లాక్ స్టేషన్ నుంచి స్టేషన్‌కి వరసగా జరుగుతూ పోతుంది, ఒక్కో చోట ఒక్కో పని. 20 స్టేషన్లు, 40 సెకన్లకో బ్లాక్. దాన్ని ఓవర్‌హాల్ చేయించాలా, పీకేసి సీఎన్‌సీలు (ప్రోగ్రామ్ మారిస్తే పని మారే కంప్యూటర్ మెషిన్లు) పెట్టాలా అని నెల రోజులుగా మీటింగుల మీద మీటింగులు. నా ఓటు సీఎన్‌సీకే. ఒక్కో స్టేషన్ 99 శాతం టైం సరిగ్గా నడిచినా, వరసగా 20 ఉంటే లైన్ మొత్తం నడిచేది 82 శాతమే. ఒక్క డ్రిల్ విరిగితే మిగతా 19 చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. 1920లలో కోవెంట్రీలో మోరిస్ వాళ్లు బ్లాకుల కోసం ఒకే పెద్ద ట్రాన్స్‌ఫర్ మెషిన్ కట్టి, చివరికి విడి మెషిన్లుగా విడదీసి వాడుకున్నారు.

కూలెంట్ వాసన:
తమ్ముడూ, లెక్క కరెక్టే. కానీ 20 స్టేషన్లనీ ఒకే గొలుసుగా ఎవరు నడపమన్నారు? ఐదేసి స్టేషన్లు ఒక ముక్క చేసి, మధ్యలో కొన్ని బ్లాకులు బఫర్‌గా ఉంచండి. ముక్క ముక్కకీ 95 శాతం వస్తుంది. బఫర్ పెరిగేకొద్దీ లైన్ కూడా ఆ 95కి దగ్గరవుతుంది.
హెడ్ బోల్ట్ రంధ్రాలు పది. మల్టీ స్పిండిల్ హెడ్ (ఒకేసారి చాలా డ్రిల్లులు తిప్పేది) ఒక్కసారి దిగితే పదీ పడతాయి. సీఎన్‌సీ ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి, ఆనక టూల్ మార్చి ట్యాప్ కొట్టాలి, అంటే రంధ్రంలో బోల్ట్ పట్టే థ్రెడ్ కోయాలి. 40 సెకన్లు అందుకోవాలంటే ఎన్ని మెషిన్లు కొనాలో, ఎంత జాగా కావాలో కూడా రాయండి మరి.

ఫిక్స్చర్ పిచ్చి:
బఫర్ గురించి ఒక మాట. నేను ఇంతకుముందు పనిచేసిన చోట నైట్ షిఫ్ట్‌లో ట్యాప్ విరిగింది. విరిగిందో లేదో చూసే ప్రోబ్ స్విచ్‌లో బురద పట్టి ఇరుక్కుపోయింది, ప్రతిసారీ ఓకే అనే చెప్పింది. లైన్ ఆగలేదు, అదే కొంప ముంచింది. చెడ్డ బ్లాకులన్నీ బుద్ధిగా బఫర్‌లో చేరాయి. అసెంబ్లీ నుంచి బోల్ట్ ఎక్కట్లేదని ఫోన్ వచ్చేసరికి థ్రెడ్ లేని బ్లాకులు 60 పైనే. బఫర్ లేకపోతే నాలుగైదింటికే దొరికేసేది.

కూలెంట్ వాసన:
అది ప్రోబ్ తుడవని వాళ్ల తప్పు, బఫర్‌ది కాదు. సరే, జనరల్ షిఫ్ట్ గారూ, ఇంతకీ ఏడాదికి ఎన్ని బ్లాకులు?

జనరల్ షిఫ్ట్:
లక్షన్నర అన్నా.

కూలెంట్ వాసన:
లక్షన్నరేనా! 40 సెకన్ల చొప్పున 1,667 గంటల పని. నువ్వు చెప్పిన 82 శాతమే నడిచినా 2,030 గంటలు, రోజుకో షిఫ్ట్‌తో సరి. లైన్ ఆగిపోతుందని నీకు టెన్షన్ ఎందుకు?

జనరల్ షిఫ్ట్:
మూడు వేరియంట్లు కదా. బోల్ట్ సెంటర్లు వేరు. స్పిండిల్ హెడ్లు, బ్లాక్‌ని పట్టి ఉంచే ఫిక్స్చర్లు మార్చి ట్రయల్ బ్లాక్ తీసి కొలిచేసరికి ఒక షిఫ్ట్ పూర్తిగా పోతుంది. వారానికి రెండుసార్లు.

ఫిక్స్చర్ పిచ్చి:
ఈ ముక్క మొదట్లోనే రాయాలి కదయ్యా!

కూలెంట్ వాసన:
అయితే డ్రిల్లింగ్, ట్యాపింగ్ సీఎన్‌సీకి ఇచ్చేయ్, నేను అడ్డం రాను. క్రాంక్ బోర్ (క్రాంక్ షాఫ్ట్ కూర్చునే రంధ్రం) స్టేషన్ మాత్రం కదపకు. మూడిట్లోనూ బోర్ సైజు ఒకటేనా?

జనరల్ షిఫ్ట్:
ఒకటే అన్నా. రేపు డ్రాయింగ్ చూసి ఖాయంగా చెప్తా.