పెట్టుబడి సాయం పట్టా ఉన్నవారికా, దుక్కి దున్నేవారికా?

పద్మనాభం రైతుబిడ్డ:
మా నాన్న 12 ఏళ్లుగా ఎకరంన్నర పల్లం కౌలుకి చేస్తున్నారు. విత్తనం, దమ్ము, ఎరువు, కూలి అంతా మాదే. కోతలయ్యాక శిస్తు బస్తాలు కొలిచి ఇస్తాం. 2025 ఆగస్టు 2న రైతుల పెట్టుబడి సాయం పథకం అన్నదాత సుఖీభవ తొలి విడత పడింది. రాష్ట్రం 5 వేలు, పీఎం కిసాన్ 2 వేలు, మొత్తం 7 వేలు. పడింది భూమిగలాయన ఖాతాలో. ఆయన ఉండేది విశాఖలో, పొలం గట్టు ఎక్కి ఏళ్లయింది. మా నాన్నకి పైసా రాలేదు. పెట్టుబడి పెట్టనివారికి పెట్టుబడి సాయం ఏమిటండీ?

ఎంవీపీ కాలనీ:
బాబూ, నేనూ అలాంటి భూమిగలవాడినే. మాది భీమిలి దగ్గర. హుద్‌హుద్ వచ్చిన 2014లో మా కౌలుదారు దగ్గర శిస్తు తీసుకోలేదు. మేమూ మనుషులమే. కానీ కౌలుదారుకి సాయం రావాలంటే కావాల్సిన కౌలు కార్డు మీద సంతకం పెట్టాలంటే భయం. ఇటువైపు సెంటు ధర ఎంతుందో మీకు తెలుసు. రేపు భూమి తనదని కోర్టుకెక్కితే నా పిల్లలకి ఏం చెప్పాలి?

ఆనందపురం పూలతోట:
అన్నయ్యగారూ, మీ భయం పాత 1956 కౌలు చట్టం నాటిది. ఇప్పుడు కార్డు ఇచ్చేది 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద. గడువు 11 నెలలే, హక్కు పంట మీదే. భూమి మీద ఏ హక్కూ రాదు.

నాకు 60 సెంట్లు సొంతం, ఎకరం కౌలు. రెండింట్లోనూ బంతి, చామంతి వేస్తాను. సొంత చెక్కకి సాయం వస్తుంది. కౌలు చెక్కకి ఎరువుల కొట్లో అప్పు రాయించుకుని, పూలు అమ్మాక వడ్డీతో కడతాను. వాన ఎక్కువై తోట కుళ్లితే రెండు చోట్లా నష్టపోయేది నేనే.

పీఎం కిసాన్ సంగతి వేరు. 2019 ఫిబ్రవరి 1 నాటికి రికార్డులో భూమి ఉండాలన్నది కేంద్రం నిబంధన, దాన్ని మనం ఇక్కడ మార్చలేం. నా వాదన రాష్ట్రం వాటా గురించే. గత ప్రభుత్వం ఇచ్చిన పెట్టుబడి సాయం రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకి ఏడాదికి 13,500 ఇచ్చారు. కానీ దానికీ కార్డే కావాలి, కార్డుకి భూమిగలాయన సంతకమే కావాలి. అక్కడే ఆగిపోయినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. ఈ-పంట అనే పంట నమోదుకి పొలంలోకొచ్చి ఫొటో తీస్తున్నారు కదా. ఆ చేలో ఎవరు నిలబడ్డారో ఊరంతటికీ తెలుసు. నలుగురి ముందు పేరు రాసుకుని డబ్బు వేస్తే సరిపోతుంది. సంతకంతో పనేముంది?

ఎంవీపీ కాలనీ:
11 నెలలే అన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదమ్మా. తహసీల్దారు ఆఫీసులో అదే మాట కాగితం మీద చూపిస్తే సంతకం పెడతాను. కానీ సంతకమే వద్దంటే ఒప్పుకోను. నా పొలంలో ఎవరి పేరు రాస్తున్నారో నాకు తెలియాలి.

పద్మనాభం రైతుబిడ్డ:
తెలియజేయడం న్యాయమే సార్. మీరు ఒప్పుకుంటేనే అనడం దగ్గరే మాకు కష్టం. ఆదివారం నాన్నా నేనూ మా భూమిగలాయన ఇంటికి వెళ్తున్నాం. పూలతోట అక్క రాసిన 11 నెలల మాట ఆయనకి చదివి వినిపిస్తాను.