అప్‌డేట్: దేవ్‌మాలి మీద రాత్రి వంట

రాయగడ నుంచి పిల్లలతో ఒడిశాలోని దేవ్‌మాలి కొండకి వెళ్తున్నాం, టెంట్ దగ్గర రాత్రికి సులువుగా ఏం వండుకోవాలని అడిగా కదా. వెళ్ళొచ్చాం. ఇంట్లోనే పోపుతో వేయించి పట్టుకెళ్ళిన ఉప్మా రవ్వ బాగా అక్కరకొచ్చింది, మరిగే నీళ్ళలో పోస్తే అయిపోయింది. పులిహోర గుజ్జూ అంతే, అన్నం ఒక్కటే వండుకోవాలి.

కుక్కర్ మోసుకెళ్ళమన్న అక్కకి దండం! కొండ ఎత్తు 1,672 మీటర్లు. అంత పైన నీళ్ళు సుమారు 95 డిగ్రీలకే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. కట్టెల పొయ్యి మాత్రం వద్దు, ఆ గాలికి పొగంతా టెంట్లోకే. చిన్న గ్యాస్ స్టవ్, గాలి వచ్చే వైపు ఓ రేకు అడ్డం పెడితే చాలు.

మా అత్తమ్మ ఇవేవీ ముట్టుకోలేదు, చోడి (రాగి) అంబలి తాగి హాయిగా పడుకున్నారు. వెల్లుల్లి కారప్పొడి మొదటి రాత్రే ఖాళీ.