సారపాక మిల్లు, జామాయిల్ తోట: ఈ బేరంలో రైతుకు మిగిలిందేంటి?

చెలక బిడ్డ (చర్చ మొదలుపెట్టినవారు)

పండక్కి మా ఇంట్లో అందరం కలిస్తే మాట చివరికి ఇక్కడికే వస్తుంది. బూర్గంపాడు మండలం సారపాకలో ఉన్న ఐటీసీ పేపర్‌బోర్డు మిల్లు వల్ల జామాయిల్ రైతు బాగుపడ్డాడా, లేక సొంత పొలంలోనే మిల్లుకు కర్ర పెంచే కూలీ అయ్యాడా? బాగుపడ్డాడని నాన్న, కూలీ అయ్యాడని చిన్నాన్న. నా మాట ముందే చెప్తాను. మిల్లు రావడం మేలే. కానీ కర్ర నరికిన రోజు నుంచి కాటా ఎక్కేదాకా జరిగే నష్టమంతా రైతు నెత్తినే పడుతోంది. అది మారాలి.

తెలియనివాళ్ల కోసం కొంచెం చరిత్ర. 1979లో భద్రాచలం పేపర్‌బోర్డ్స్ కంపెనీతో ఐటీసీ ఈ వ్యాపారంలోకి వచ్చింది. పక్కనే గోదావరి నీళ్లు, దగ్గర్లో మణుగూరు బొగ్గు, చుట్టూ వెదురు అడవి. 2002 మార్చిలో ఆ కంపెనీని ఐటీసీలోనే కలిపేశారు. మొదట్లో మిల్లు అడవి వెదురు, అడవి కర్ర మీదే నడిచింది. మిల్లులు తమకు కావాల్సిన కర్రను రైతులతో పెంచించుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. ఆ మరుసటి ఏడే ఇక్కడ క్లోన్ మొక్కల పని మొదలైంది. బాగా ఎదిగిన చెట్టు కొమ్మ ముక్కలకు వేర్లు పట్టించి మొక్కలు చేస్తారు. విత్తనం తోటలో ఒక చెట్టు తొడంత లావుంటే పక్కది చేతికర్రంత ఉండేది. క్లోన్ తోటలో అన్నీ ఒక్కతీరుగా లేస్తాయి. నాలుగేళ్లకు నరికితే మోడు నుంచి మళ్లీ పిలకలు వస్తాయి. వర్షం మీద ఆధారపడే మా చెలకకు అంతకన్నా ఏం కావాలి?

బోర్డు మెషీన్

తమ్ముడూ, బాగా రాశావు. నేను ఈ పరిశ్రమలో బోర్డు మెషీన్ మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. మందుల డబ్బా, సబ్బు పెట్టె, సిగరెట్ ప్యాకెట్ అన్నీ పేపర్‌బోర్డే. అది ఒకే పొర అనుకుంటారు చాలామంది. కాదు. పైన, కింద రసాయనాలతో ఉడికించి తెల్లబరిచిన గుజ్జు, మధ్యలో బరువు తక్కువ, మందం ఎక్కువ ఉండే గుజ్జు. అందుకే మడిచినా పగలదు, నిలబెడితే వంగదు. పై పొర మీద తెల్లమట్టి పూత వేస్తారు, అచ్చు మెరిసేది దానివల్లే.

రసాయనాలతో ఉడికిస్తే కర్రలో సగం కూడా గుజ్జుగా చేతికి రాదు. మిగతాది నల్లటి ద్రవంలో కలిసిపోతుంది. దాన్ని బాయిలర్‌లో కాల్చి ఆవిరి, కరెంటు తీస్తారు, రసాయనాలు తిరిగి రాబడతారు. మధ్య పొరకు వాడే యాంత్రిక గుజ్జులో మాత్రం కర్ర చాలావరకు మిగులుతుంది. సారపాకలో ఇప్పుడు ఆ రకం గుజ్జు కూడా తీస్తున్నారు. తెల్లబరచడానికి క్లోరిన్ వాయువు వాడటం 2002లోనే మానేశారు, అది చిన్న విషయం కాదు. ఇంత పని ఆగకుండా నడవాలంటే రోజూ కర్ర రావాలి. అంటే రైతు అవసరం మిల్లుకూ ఉంది.

కోలారు తెలుగు

అన్నా, మాది కోలారు జిల్లా. ఇళ్లల్లో తెలుగే మాట్లాడతాం. మా వైపు ఊరూరా నీలగిరి (మీరు జామాయిల్ అనేది అదే) వేశారు. లోతైన నేలల్లో దాని వేర్లు ఆ ఏడాది కురిసిన వానతో ఆగవు, అడుగున దాచుకున్న తేమను కూడా లాగేస్తాయి. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి వేయడాన్నే నిషేధించింది. మోడు పెకిలించడానికి జేసీబీ పెట్టాల్సి వచ్చింది మాకు. డబ్బుల లెక్క వేసేటప్పుడు బోరు లోతు కూడా లెక్కలో వేయండి. గోదావరి పక్కన వాన మాకన్నా బాగా ఎక్కువే, ఒప్పుకుంటాను. అయినా రాసి పెట్టుకోండి.

పైగా బోర్డుకు చెట్టే కావాలని లేదు. ఇదే ఐటీసీ 2004లో కోయంబత్తూరు దగ్గర తెక్కంపట్టిలో కొన్న మిల్లు పాత కాగితంతో బోర్డు చేస్తుంది.

ఇప్పపూల వాన

మేం కోయోళ్లం. ఇది ఏజెన్సీ అన్న మాటే ఎవరూ ఎత్తలేదు. 1/70 చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. కానీ నాలుగేళ్ల తోటకు నోటిమాట కౌలు ఇచ్చేసిన కుటుంబాలు మా గూడెంలోనే ఉన్నాయి. జొన్న, కంది వేస్తే ఇంట్లో తిండి ఉండేది, ఆడవాళ్లకు కలుపు పని, కోత పని ఉండేది. జామాయిల్‌లో మొదటి ఏడు దాటితే నరికేదాకా పని లేదు. సొంతంగా వేసుకున్న మావాళ్లు డబ్బు కళ్లజూశారు, అబద్ధం చెప్పను. భూమి ఎవరి చేతిలో ఉందన్నదే నాకు ముందు ప్రశ్న.

చెలక బిడ్డ

అక్కా (అన్న అయితే క్షమించండి), మీరు చెప్పింది నేను మొదటే రాయాల్సింది. కౌలు పేరుతో పోయిన భూమిని రైతు లాభం కింద లెక్కించడం తప్పే.

ఇప్పుడు నా అసలు బాధ. పోయిన ఎండాకాలం మేం నరికి, బెరడు తీసి కుప్ప వేశాం. బేరం కుదుర్చుకున్న దళారీ రెండు వారాల దాకా లారీ పంపలేదు. పచ్చి కర్రలో సగం దాకా నీరే ఉంటుంది. రోజూ ఎండుతుంటే మా డబ్బే ఆవిరైపోతున్నట్టు ఉండేది. అమ్మ రోజూ పొద్దున్నే వెళ్లి ఆ కుప్ప చూసి వచ్చేది. మాకు డబ్బు ఇచ్చేది కాటా మీద పడిన బరువుకే. ఆలస్యం ఎవరిదైనా కోత మాకే.

మిల్లు మూతపడితే మేలు అనుకునేవాళ్లు ములుగు జిల్లా కమలాపురం చూడండి. అక్కడి రేయాన్ గుజ్జు మిల్లు 2014లో ఆగిపోయింది. కొనేవాడు ఒకడు తగ్గితే మిగిలినవాడి ధరే ధర.

బోర్డు మెషీన్ బాబాయ్, ఒక్కటి చెప్పండి. మిల్లు లోపల గుజ్జును ఎలా తూస్తారు?

బోర్డు మెషీన్

ఎండు బరువు లెక్కన. తేమ శాతం కొలిచి నీటిని తీసేస్తాం. అలా చేయకపోతే ఏ రోజు లెక్కా కుదరదు.

చెలక బిడ్డ

మరి గేటు బయట నీటితో కలిపిన బరువెందుకు? అదే పద్ధతి కర్రకూ పెట్టి, ఎండు టన్నుకు ఇంత అని ధర రాసిస్తే లారీ ఎప్పుడొచ్చినా రైతు నష్టపోడు.

సంక్రాంతి దాటాక మా రెండో కోత. నరికిన రోజే ఊరి వేబ్రిడ్జి మీద ఒక ట్రాక్టర్ కర్ర తూయిస్తాను. అదే కర్ర లారీ ఎక్కే రోజు మళ్లీ తూయిస్తాను. రెండు చీటీలూ ఇక్కడే పెడతాను.