‘మన దగ్గర చేసుకోవచ్చా మేడం?’ తొమ్మిదో తరగతిలో వచ్చిన ప్రశ్న

అడిగినవారు: సోషల్ టీచర్, అంబాజీపేట దగ్గర

అందరికీ నమస్కారం. కోనసీమలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తున్నాను. మొన్న తొమ్మిదో తరగతిలో రాజ్యాంగం 14, 15 అధికరణాలు చెబుతుంటే వెనక బెంచీ అమ్మాయి లేచింది. "థాయిలాండులో ఇద్దరు మగవాళ్ళు పెళ్లి చేసుకున్నారు మేడం, ఫోన్లో చూశాను. మన దగ్గర చేసుకోవచ్చా?" అని అడిగింది. వెటకారం ఏమీ లేదు, తెలుసుకుందామనే అడిగింది. క్లాసంతా గొల్లున నవ్వింది. నవ్వుతూనే నలుగురైదుగురు ఒక అబ్బాయి వైపు తిరిగారు. మెత్తగా మాట్లాడతాడు, సంక్రాంతికి స్కూల్లో ముగ్గులు వాడే వేస్తాడు. ఆరో తరగతి నుంచీ వాణ్ణి "ఆడంగి" అంటున్నారట. వాడు పుస్తకంలోకి తల దించేశాడు.

ఇంతలో బెల్లు కొట్టారు. "సోమవారం చెబుతాను" అన్నాను. చెప్పి తీరాలి. స్టాఫ్ రూంలో మాత్రం "సిలబస్‌లో లేని గొడవ మనకెందుకండీ" అన్నారు. సమానత్వం సిలబస్‌లోనే ఉంది కదా! కులం గురించి మాట్లాడినప్పుడూ ఇదే మాట వింటాం. 2022 మేలో జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టొద్దని అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టాక మా పిల్లలు కొన్నాళ్ళు బెంచీలు మారి కూర్చున్నారు. అప్పుడూ కదపకపోతేనే మంచిదన్నారు. మనం ఊరుకుంటే పిల్లలు ఊరుకోరు, మనకి వినపడకుండా మాట్లాడుకుంటారు.

పధ్నాలుగేళ్ళ పిల్లలకి ఈ విషయం ఎక్కడ మొదలుపెట్టాలి? చట్టం ఏమందో తప్పు లేకుండా ఎలా చెప్పాలి? అన్నిటికంటే ముఖ్యం, ఆ అబ్బాయి మీదికి ఒక్క చూపు కూడా పోకుండా క్లాసు ఎలా నడపాలి?

రిటైర్డ్ హెచ్‌ఎం, రామచంద్రపురం

అమ్మా, థాయిలాండుతో మొదలుపెట్టకండి, రాజమండ్రితో మొదలుపెట్టండి. భర్త పోయిన ఆడపిల్ల మళ్ళీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. మన తెలుగునాట కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్ళు! చట్టం ఉంది, చేసుకునే ధైర్యం ఎవరికీ లేదు. ఆ పెళ్లికి పోలీసు కాపలా కావాల్సి వచ్చింది. ఆయన ఉపాధ్యాయుడు. ఊరి పెద్దలు వెలివేస్తే అండగా నిలబడినవాళ్ళలో ఆయన విద్యార్థులున్నారు. ఈ ముక్క దగ్గర కాస్త ఆగండి. ఆ కుర్రాళ్ళు మీ పిల్లలకంటే మరీ పెద్దవాళ్ళేమీ కాదు.

తర్వాత యానాం. బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం 1930లో బ్రిటిష్ ఇలాకాలో అమల్లోకి వచ్చింది. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళది, అక్కడ ఈ చట్టం వర్తించేది కాదు. అందుకని మనవాళ్ళు చిన్నపిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి పెళ్లిళ్లు చేసేవారు. కల్యాణపురం అని పేరు కూడా వచ్చింది. అదే ఫ్రాన్స్ 2013లో ఇద్దరు మగవాళ్ళ పెళ్లినీ, ఇద్దరు ఆడవాళ్ళ పెళ్లినీ చట్టంలో చేర్చింది. ఎవరు ఎవర్ని చేసుకోవచ్చన్నది మనుషులు రాసుకున్న రూలేనని, కాలాన్ని బట్టి, చోటుని బట్టి మారుతూ వచ్చిందని పిల్లలే పట్టుకుంటారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. డిబేట్ పెట్టొద్దు, చేతులు ఎత్తించొద్దు. తన బతుకు మీద పక్కవాళ్ళు ఓట్లేస్తుంటే లెక్కపెట్టుకుంటూ కూర్చోవలసిన పిల్లవాడు ప్రతి క్లాసులోనూ ఒకడుంటాడని అనుకునే నడపాలి.

లాయరు, అమలాపురం

చట్టం సంగతి నేను చెబుతాను మేడం. రెండు తీర్పులు కలిపి చెప్పాలి, ఒకటే చెబితే పిల్లలకి సగమే తెలుస్తుంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, మేజర్లయిన ఇద్దరు ఇష్టపడి కలిసి ఉంటే, ఇద్దరూ మగవాళ్ళయినా ఆడవాళ్ళయినా, నేరం కాదంది. దాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్ 377 ఆ మేరకు చెల్లదంది. 2023 అక్టోబరు 17న మాత్రం అలాంటి జంటల పెళ్లిని గుర్తించలేమంది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్న దగ్గర ఐదుగురు జడ్జీలూ ఒకే మాట మీదున్నారు, చట్టం చెయ్యాల్సింది పార్లమెంటన్నారు. పెళ్లి కాకపోయినా వాళ్ళ బంధానికి ఏదో ఒక గుర్తింపు ఉండాలని ఇద్దరన్నారు, ముగ్గురు ఒప్పుకోలేదు. ఆ తీర్పుని మళ్ళీ పరిశీలించమన్న రివ్యూ పిటిషన్లు 2025 జనవరిలో కొట్టేశారు. అంటే మీ అమ్మాయి ప్రశ్నకి జవాబు: కలిసి ఉండొచ్చు, రిజిస్టర్ చెయ్యరు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఉన్న జంట సంగతి వేరు. ఒకరు మగ, ఒకరు ఆడ అయితే ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చని అదే తీర్పులో ఉంది.

కులాంతర, మతాంతర జంటల సంగతీ కలపండి. 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద నోటీసు ఇచ్చి ముప్పై రోజులు ఆగాలి, ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా పెడతారు. మా ఆఫీసుకొచ్చే జంటలకి అసలు భయం ఆ ముప్పై రోజులే. ఊళ్ళో ఎవరో ఒకరు చూసి ఇంటికి ఫోన్ చేస్తారు.

ఒక తండ్రి, పాలకొల్లు

మా పాప ఎనిమిదో తరగతి. నాకు ఇందులో ఒప్పుకోలేనివి ఉన్నాయి, దాచుకోను. పెళ్లి సంగతులు ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పుకోవాల్సినవని నా నమ్మకం. కానీ పిల్లవాణ్ణి ఆడంగి అని ఏడిపిస్తుంటే మాత్రం ఆపాల్సిందే, అందులో రెండో మాట లేదు. మీరు ఏం చెప్పబోతున్నారో మాకు ముందు చెప్పండి. పిల్లల నోట సగం సగం వింటేనే మాకు టెన్షన్.

రాజోలు వైపు లంక ఊరివాణ్ణి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం

మేడం, ఆ ముగ్గులేసే అబ్బాయిలాంటి వాణ్ణే నేను. నన్ను తోటివాళ్ళు అన్న మాటలకంటే, ఒక సారు డ్రిల్లు పీరియడ్లో నన్ను అమ్మాయిల వరసలో నిలబెట్టి నవ్వడం ఎక్కువ గుర్తుంది. ఆ రోజు నుంచి క్లాసుకి లైసెన్సు దొరికినట్టయింది. బాత్రూంకి వెళ్ళాలంటే భయపడి మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగేవాణ్ణి కాదు.

దయచేసి ఆ అబ్బాయిని స్టాఫ్ రూంకి పిలిచి ఓదార్చకండి. పిలిస్తే అందరూ చూస్తారు. వాడు ఎవరో, ఎలాంటివాడో మీరు తేల్చకండి, వాడికే ఇంకా తెలియకపోవచ్చు. ముగ్గులేసే మగపిల్లలందరూ నాలాంటివాళ్ళే కాదు కూడా. క్లాసు మొత్తానికి వినపడేలా "ఈ గదిలో ఎవర్నీ ఆ మాటతో పిలవడానికి వీల్లేదు" అని ఒక్కసారి గట్టిగా అనండి, మళ్ళీ ఎవరైనా అంటే అక్కడికక్కడే ఆపండి. నాకోసం ఎవరూ ఆ మాట అనలేదు.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం మొదట ఆ మాట సంగతే తేలుస్తాను. తర్వాత రాజమండ్రి, యానాం, ఆ తర్వాతే కోర్టు తీర్పులు. ఓట్లు, డిబేట్ ఉండవు. స్టాఫ్ రూంకి పిలవాలంటే నవ్వినవాళ్ళనే, ఒక్కొక్కరిగా పిలుస్తాను.

పాలకొల్లు నాన్నగారూ, మీరు ఉన్నదున్నట్టు చెప్పినందుకు గౌరవం. క్లాసులో చెప్పబోయేది ఒక కాగితం మీద రాసి పిల్లలతో ఇళ్ళకి పంపుతాను, ఎవరైనా వచ్చి నన్ను అడగొచ్చు. కాకపోతే అది అనుమతి కోసం కాదు. చట్టం ఏమందో పిల్లలకి చెప్పడం, ఒక పిల్లవాణ్ణి ఏడిపించకుండా ఆపడం నా ఉద్యోగంలో భాగమే.

లాయరు గారూ, ఆ కాగితం అర పేజీ రాశాను. 377 గురించిన వాక్యం దగ్గర పిల్లలు తికమక పడతారేమోనని అనుమానంగా ఉంది. ఇక్కడే పెడతాను, ఆదివారంలోగా ఒకసారి చూసి పెడతారా?